ఉపకారమా, వేతనమా? బొగ్గు సీమలో ఇంధన చదువుల కథ

కాజీపేట జంక్షన్‌లో నిలబడితే మనం ఎక్కాల్సిన రైలు కంటే ముందు బొగ్గు బండి వస్తుంది. వ్యాగన్లు లెక్కపెట్టే పిల్లలకు యాభై దాటే సరికి లెక్క తప్పుతుంది. ఆ బొగ్గు తవ్వే ఊళ్లలో డిగ్రీ ముగించి, ఇంధన వనరుల నిర్వహణలో పీజీ చేద్దామనుకునే విద్యార్థికి మార్కులుంటే చాలదు. ప్రతిభకు డబ్బు ఎవరిస్తారు, దేనికిస్తారు అన్నది ఇక్కడ చాలా పాత ప్రశ్న.

ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని 1871లో భూగర్భ సర్వే అధికారి కింగ్ గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. 1895లో నిజాం ప్రభుత్వం పదహారేళ్ల అమ్మాయికి స్కాలర్‌షిప్ ఇచ్చి ఇంగ్లండ్ పంపింది. ఆమే తర్వాతి కాలపు సరోజినీ నాయుడు. కవిత్వం రాసే పిల్లను గుర్తించిన దర్బారును మెచ్చుకోవలసిందే. గనుల్లోకి దిగినవారికి మాత్రం దొరికింది కూలి.

స్వాతంత్ర్యం వచ్చాక దేశానికి ఇంజనీర్లు కావలసి వచ్చారు. 1959లో వరంగల్‌లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు నెహ్రూ పునాదిరాయి వేశారు. 2002లో అదే ఎన్‌ఐటీ అయింది. రామగుండంలో ఎన్టీపీసీ తొలి యూనిట్ 1983లో వెలిగింది. దాదాపు ఆ రోజుల్లోనే ఎంటెక్ ప్రవేశాలకు గేట్ పరీక్ష వచ్చింది. పీజీలో ప్రతిభకు నెలనెలా డబ్బు అనే పద్ధతి మన ఊళ్లకు గట్టిగా పరిచయమైంది ఈ పరీక్షతోనే. గేట్ గట్టెక్కి ఎంటెక్‌లో చేరినవారికి ఇప్పుడు నెలకు రూ.12,400, ఇరవై నాలుగు నెలలు. బదులుగా వారానికి ఎనిమిది పది గంటలు ల్యాబులో జూనియర్లకు ప్రయోగాలు చూపించాలి, జవాబుపత్రాలు దిద్దాలి. తెలుగులో దీన్ని ‘ఉపకార వేతనం’ అంటాం. ఇచ్చేవారి చెవికి మొదటి మాట వినిపిస్తుంది, శనివారం సాయంత్రం ల్యాబులో కూర్చున్నవారికి రెండోది.

పేచీ అంతా ‘నిర్వహణ’ దగ్గర మొదలవుతుంది. 1973 చమురు సంక్షోభం వరకూ ఇంధనం అంటే తవ్వడం, మండించడం, తీగలు లాగడం. ధరలు పేలిపోయాక గానీ పొదుపు, లెక్క, ప్రణాళిక వేరే చదువు కావాలని ప్రపంచానికి తట్టలేదు. మన దేశంలో ఇంధన పరిరక్షణ చట్టం 2001లో వచ్చింది. విద్యుత్తు, ఇంధనం భారీగా వాడే పరిశ్రమలు ఎనర్జీ మేనేజర్లను పెట్టుకోవాలని అది చెప్పింది. ఉద్యోగానికి పేరొచ్చింది, చదువుకు డబ్బు మాత్రం వెంట రాలేదు. గేట్ స్టైపెండు ఎంటెక్ వంటి సాంకేతిక కోర్సులకే. అదే విషయాన్ని ఎంబీఏగా చదివితే వర్తించదు. రామగుండం జలాశయం మీద 2022 నుంచి 100 మెగావాట్ల సౌర పలకలు తేలుతున్నాయి. ఆ పలకను రూపొందించే చదువుకు నెల జీతం ఉంది, దాని కరెంటు ఎప్పుడు, ఎంతకు, ఎవరికి అమ్మాలో తేల్చే చదువుకు లేదు. ఈ విభజన నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

విదేశాల్లో ఈ ఖాళీని కంపెనీలు పూరించాయి. యూనివర్సిటీ కాలేజ్ లండన్ (యూసీఎల్) 2010లో ఆస్ట్రేలియాలోని ఆడిలైడ్‌లో ఇంధనం, వనరుల మీదే ప్రత్యేకంగా ఒక పీజీ విద్యాలయం తెరిచింది. దాని వెనుక శాంటోస్ అనే చమురు, గ్యాస్ కంపెనీ విరాళం ఉంది. ప్రతిభ ఉన్నవారికి స్కాలర్‌షిప్‌లూ ఉండేవి. 2017 తర్వాత ఆ క్యాంపస్ లేదు. దాతల డబ్బుతో నిలిచే చదువుకు ఈ చిక్కు తప్పదు. విద్యార్థి అక్కడికి చేరే లోపే తలుపు మూసుకోవచ్చు.

ఇక్కడి విద్యార్థికి మిగిలిన గట్టి దారి రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యానిధి పథకాలు: రూ.20 లక్షల వరకు సాయం. మేనేజ్‌మెంట్ కోర్సులకూ వర్తిస్తాయి. అయితే సామాజిక వర్గం, కుటుంబ ఆదాయం తేలాకే మార్కుల లెక్క. నా దృష్టిలో అది న్యాయమే. ఫస్ట్ క్లాసు తెచ్చుకున్న గని కార్మికుడి కూతురికి, హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి కోచింగ్ తీసుకున్నవారికి ఒకే కొలబద్ద పెడితే ప్రతిభ తూకం సరిగ్గా రాదు.

ఈ బొగ్గు తవ్వే సింగరేణి సంస్థ సొమ్ము చదువులకు రావడం లేదనీ అనలేం. 2024 జులైలో ప్రభుత్వం ప్రారంభించిన పథకం కింద సివిల్స్ ప్రిలిమ్స్ పాసైన అర్హులైన తెలంగాణ అభ్యర్థులకు సంస్థ లక్ష రూపాయలు ఇస్తోంది. కలెక్టర్ కావాలనుకునేవారికి అందిన ఆ లక్ష, మందమర్రిలో, భూపాలపల్లిలో తవ్విన బొగ్గు నుంచి వచ్చిందే.