తోడు అడగడానికి వెళ్లాలి

పిల్లలూ,

మా చిన్నమ్మాయి పీహెచ్‌డీ రెండో ఏడు. మొన్న ఢిల్లీలో కాన్ఫరెన్సుకని, అంటే పరిశోధకులు కలుసుకునే సభకని, తన పని వివరాలు వేసిన పోస్టర్‌ను పొడుగాటి గొట్టంలో చుట్టి భుజానికి తగిలించుకుంటుంటే మనవరాలు అడిగింది: "పిన్నీ, ఆ పరిశోధన పేపర్లన్నీ కంప్యూటర్లోనే ఉంటాయన్నావుగా, మరి అంత దూరం ఎందుకు?" ఇంతలో ఆటో వచ్చేసింది, జవాబు నా వంతుకొచ్చింది.

ఇంట్లో పెరుగు అయిపోతే తోడుకి పక్కింటికి వెళ్తాం కదా. పాలు మనవే, కాచుకునేదీ మనమే, కానీ ఆ చెంచాడు పెరుగు లేకపోతే పాలు విరిగిపోతాయే గానీ తోడుకోవు. చిన్నప్పుడు మా అమ్మ నన్ను పంపేది. గిన్నె వెనక్కి పెట్టుకుని మామ్మగారి అరుగు దగ్గర నిలబడేవాణ్ణి, పిలుద్దామంటే నోరు పెగిలేది కాదు. ఆవిడే చూసి, "ఏరా, తోడుకా? పాలు గోరువెచ్చగా ఉన్నాయా? సలసలా కాగే వాటిలో వేస్తే దండగరా" అనేవారు. ఆ గిన్నె అంచు చల్లదనం ఇప్పటికీ నా వేళ్లకి గుర్తే.

కాన్ఫరెన్సులోనూ అంతే. పేపర్లో కుదిరిన పనే ఉంటుంది, కుదరని ప్రయోగం సంగతి టీ తాగుతూనే చెబుతారు. అది వినాలంటే పాలు కాచుకుని వెళ్లాలి, అంటే వాళ్ల పేపరు ఒకటి ముందే చదివి, ఒక్క మంచి ప్రశ్న సిద్ధం చేసుకోవాలి. అడిగేది చెంచాడే. పరిచయమైన నిమిషానికే ఉద్యోగం ఇప్పించమంటే కుండ ఎత్తుకుపోతానన్నట్టే. ఇంటికొచ్చాక రెండు రోజుల్లో నాలుగు ముక్కల మెయిల్ రాసి ఊరుకోవాలి, తోడేసిన గిన్నెని మాటిమాటికీ కదపకూడదు. పక్క పోస్టర్ దగ్గర టెన్షన్ పడుతూ నిలబడ్డ స్టూడెంటు దగ్గరా తోడు ఉంటుంది, పెద్దవాళ్ల కోసం వెతుకుతూ ఆ పిల్లని దాటిపోకూడదని మా అమ్మాయికి గట్టిగా చెప్పాను.

2011లో ప్యూర్టోరికో అనే కరీబియన్ దీవిలో ఒక కాన్ఫరెన్సులో ఇమ్మాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కలుసుకున్నారు. ఒకావిడ పరిశోధన బాక్టీరియా మీద, ఇంకొకావిడది కణాల్లో జన్యు సమాచారాన్ని మోసే ఆర్‌ఎన్‌ఏ మీద. అక్కడి శాన్ హువాన్ నగరం పాత వీధుల్లో నడుస్తూ మాట్లాడుకున్నారు. జన్యువులను కోరినచోట కత్తిరించే పద్ధతి మీద 2012లో వాళ్ల పేపరు వచ్చింది, 2020లో ఇద్దరికీ కెమిస్ట్రీ నోబెల్. ఆ నడకలో పాలెవరివో తోడెవరిదో నేను చెప్పలేను.

చెంచాడు పెరుగు గిన్నెడు పాలని ఎలా మార్చేస్తుందో, ఇన్నేళ్లొచ్చినా నాకు వింతే. ఈ రాత్రి అమ్మ తోడేసేటప్పుడు పక్కన నిలబడండి. పొద్దున మూత తీసే పని మీరే అడిగి తీసుకోండి.

మీ తాతయ్య