లివర్ కదలకపోతే నింద గేర్‌బాక్స్ మీదేనా?

"గేర్ లివర్ పి (పార్క్) లోంచి రావట్లేదు, గేర్‌బాక్స్ పోయిందంటున్నారు" అంటూ ఆటోమేటిక్ బండి వస్తే నేను ముందు గేర్‌బాక్స్ వైపు వంగి కూడా చూడను. బండి వెనక్కి వెళ్లి నిలబడి, బ్రేక్ తొక్కమంటాను.

అపోహ: లివర్ పి లో ఇరుక్కుందంటే గేర్‌బాక్స్‌లో ఏదో విరిగినట్టే.

వాస్తవం: ఆటోమేటిక్ బండిలో కీ ఆన్ చేసి బ్రేక్ తొక్కితే తప్ప లివర్ పి నుంచి రాకుండా ఒక తాళం ఉంటుంది. బ్రేక్ పెడల్ దగ్గరి స్విచ్ కబురు పంపితే, లివర్ కిందున్న చిన్న సోలినాయిడ్ (కరెంటు అందితే పిన్నును కదిలించే తీగచుట్ట) 'టిక్' మంటూ ఆ తాళం తీస్తుంది. చాలా బళ్లలో బ్రేక్ లైట్లు వెలిగించేదీ ఆ స్విచ్చే. లైట్లు వెలగలేదా, సగం పని అయిపోయినట్టే. ఫ్యూజు చూడండి, తర్వాత స్విచ్. లైట్లు వెలుగుతున్నా టిక్ వినపడకపోతే సోలినాయిడ్ కప్లర్ (వైర్లు తగిలించే ప్లగ్గు) దాకా వెళ్లాలి. అలాగని లైట్లను చూసి స్విచ్‌ని పూర్తిగా నమ్మేయకండి. కొన్నింటిలో రెండు జతల కాంటాక్టులుంటాయి, ఒకటి బాగుండి రెండోది పోవచ్చు. టిక్ వినిపించీ లివర్ రాలేదంటే అది కరెంటు తగాదా కాకపోవచ్చు. లివర్ సందులోకి జారిన నాణేలు, పెన్ను మూతలు చాలానే తీశాను.

అపోహ: లివర్ పక్కన తాళాన్ని చేత్తో తీసే ఓవర్‌రైడ్ బటన్ నొక్కితే వస్తోందిగా, అలాగే నడుపుకోవచ్చు.

వాస్తవం: అది బండిని పక్కకు తీయడానికి ఇచ్చింది. హ్యాండ్ బ్రేక్ వేశాకే నొక్కాలి. తప్పు బ్రేక్ స్విచ్‌లో ఉంటే మీ వెనక బ్రేక్ లైట్లు కూడా వెలగకపోవచ్చు. అలా రోడ్డెక్కుతారా?

అపోహ: స్కానర్ చెప్పిన పార్టు మార్చేస్తే సరి.

వాస్తవం: బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే స్కానర్, ఫలానా పార్టు పోయిందని చెప్పదు. పి0705 అంటే రేంజ్ సెన్సర్ (ఏ గేరులో ఉందో కంప్యూటర్‌కి చెప్పేది) సర్క్యూట్‌లో తేడా అని అర్థం. ఆ సర్క్యూట్‌లో సెన్సర్‌తో పాటు వైర్లు, కప్లర్, ఎర్త్ అన్నీ ఉంటాయి. పి0700 అయితే గేర్‌బాక్స్ కంప్యూటర్ "నా దగ్గర ఒక కోడ్ ఉంది, చూసుకో" అని ఇంజన్ కంప్యూటర్‌కి చెప్పిన మాట, అంతే. పొంతన లేని కోడ్‌లు గుంపుగా వస్తే ముందు బ్యాటరీ కొలవండి. నిండా ఛార్జ్ ఉండి కాసేపు ఊరకే ఉన్న బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపాలి.

అపోహ: మల్టీమీటర్ బీప్ అంది కాబట్టి వైరు బాగుంది.

వాస్తవం: మా పనిలో జనాన్ని ఎక్కువగా మోసం చేసేది ఈ బీపే. ఒక బండి లివర్ తాళం ఒక రోజు వచ్చేది, రెండు రోజులు మొండికేసేది. అప్పటికే ఎవరో కొత్త సోలినాయిడ్ వేశారు. నేనూ ఎర్త్ వైరు రెండు కొసలకూ మీటర్ పెట్టాను, హాయిగా బీప్ అంది. అప్పుడు కప్లర్ తగిలించి, కీ ఆన్ చేసి, బ్రేక్ తొక్కించి, మీటర్ ఒక తీగ బ్యాటరీ నెగటివ్‌కీ, రెండోది సోలినాయిడ్ ఎర్త్ పిన్నుకీ పెట్టాను. 0.1 వోల్టు దాటకూడని చోట 3 వోల్టులు! వైరు వెంబడి వేలితో తడుముతూ పోతే కన్సోల్ బ్రాకెట్ దగ్గర, వంపులో మెత్తగా తగిలింది. తొడుగు చీల్చితే పచ్చటి చిలుము, మధ్యలో ఒకే ఒక్క పోగు. మీటర్ పంపే పిసరంత కరెంటుకి ఆ పోగు చాలు, సోలినాయిడ్‌కి చాలదు. అందుకే వైరును పనిలో ఉండగా కొలవాలి.

ఒక జాగ్రత్త: కంప్యూటర్‌కి వెళ్లే 5 వోల్టుల సెన్సర్ వైర్ల మీద బల్బు టెస్ట్ లైటు పెట్టకండి. డిజిటల్ మీటరే వాడండి.

అపోహ: కేబుల్ లేని ఎలక్ట్రానిక్ లివర్లో కొలవడానికేముంది, మొత్తం మార్చాల్సిందే.

వాస్తవం: కొలవడానికి బోలెడుంది. యు0103 వచ్చిందంటే లివర్ మాడ్యూల్ మిగతావాటితో మాట్లాడట్లేదని. మాట్లాడాలంటే ముందు దానికి కరెంటు, ఎర్త్ అందాలి కదా, అవి చూడండి. తర్వాత బ్యాటరీ తీసి క్యాన్ వైర్లు (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే జంట తీగలు) రెండింటి మధ్య కొలిస్తే 60 ఓమ్‌ల దగ్గర రావాలి. 120 వస్తే దారిలో ఎక్కడో తెగింది, లేదా ఒక కొసన ఉండాల్సిన రెసిస్టర్ పోయింది. ఇలాంటి లివర్లలో చాలావాటికి జంట సెన్సర్లుంటాయి. రెండూ ఒకే మాట చెప్పకపోతే కంప్యూటర్ గేరు వెయ్యనంటుంది. ఆ తగువు పెట్టేది చాలాసార్లు ఒలికిన కూల్‌డ్రింకే. ఆరాక మిగిలే పంచదార జిగురు పిన్నుల మధ్య చేరి తేమ పీల్చుకుంటూ ఉంటుంది. కప్పు పెట్టే గుంట లివర్ పక్కనే ఎందుకు పెడతారో నాకిప్పటికీ అర్థం కాదు.

శుభ్రం చేద్దామని కన్సోల్ విప్పేవాళ్లు ముందు బ్యాటరీ నెగటివ్ తీసి కాసేపు ఆగండి. చాలా బళ్లలో ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ ఉండేది ఆ కిందే.