‘ఎర్రగడ్డలో వేయాలి’: ఆ మాట వెనకున్న వందేళ్లు

హైదరాబాద్‌లో ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే "వీణ్ణి ఎర్రగడ్డలో వేయాలి" అనేస్తారు. అందులో నన్ను బాధపెట్టేది అక్కడి మానసిక ఆసుపత్రి పేరు కాదు, ‘వేయాలి’ అన్న మాట. సామాన్లు వేసినట్టు మనిషిని తీసుకెళ్లి వేయడం. మన చట్టాలు కూడా చాలాకాలం ఇలాగే ఆలోచించాయి.

1912 నాటి ఇండియన్ ల్యూనసీ చట్టం ప్రకారం మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇస్తే మానసిక సమస్య ఉన్న మనిషిని ఆసుపత్రి లోపల ఉంచేయవచ్చు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా 45 ఏళ్లకు పైగా అదే నడిచింది. 1987లో చేసిన కొత్త చట్టం 1993లో గానీ అమల్లోకి రాలేదు. అందులోనూ ఎవర్ని చేర్చాలి, ఎలా ఉంచాలి అన్నదే ప్రధానం. మధ్యలో 1950ల్లో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ అక్కడి మానసిక ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేయించి, రోగుల కుటుంబాలను వాళ్లతోనే ఉండనిచ్చారు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద విషయం.

2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ఆశ్రయానికి నిప్పంటుకుంది. దర్గా ఉన్న ఊరు కాబట్టి నయమవుతుందనే ఆశతో కుటుంబాలు రోగులను అక్కడ వదిలి వెళ్లేవి. గొలుసులతో కట్టేసి ఉండటంతో వాళ్లు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. వాళ్లను అక్కడ దించి వెళ్లింది శత్రువులు కాదు, సొంతవాళ్లే. ప్రేమ ఉంటే చాలదని, మనిషికి తన మాట చెప్పుకునే హక్కు కూడా ఉండాలని నేను గట్టిగా నమ్మేది ఇందుకే.

వికలాంగుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందాన్ని 2007లో భారత్ ఆమోదించింది. మానసిక సమస్య ఉన్నవాళ్లకూ చట్టం ముందు అందరితో సమానమైన హోదా ఉందని ఆ ఒప్పందం చెబుతుంది. పాత చట్టం దానికి సరిపోలేదు. అలా వచ్చిందే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. దీని ప్రకారం, బాగున్నప్పుడే ‘నాకు ఈ వైద్యం కావాలి, ఇది వద్దు’ అని రాసిపెట్టుకోవచ్చు. తన తరఫున మాట్లాడే మనిషిని తనే ఎంచుకోవచ్చు. ఆ మనిషి బంధువే కానక్కర్లేదు. గొలుసులతో కట్టడం నిషేధం. ఇంటివాళ్లు రానివ్వడం లేదని, ఉండటానికి చోటు లేదని ఎవర్నీ ఆసుపత్రిలోనే ఉంచేయకూడదు.

మరి బయటికొస్తే ఎక్కడుండాలి? పునరావాసంలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇదే. చెన్నైకి చెందిన ‘బాన్యన్’ సంస్థ 2015 నుంచి ఒక దారి చూపిస్తోంది. ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో ఉండిపోయినవాళ్లు నలుగురైదుగురు కలిసి మామూలు వీధిలో అద్దె ఇంట్లో ఉంటారు. అవసరమైనంత వరకు సాయం చేయడానికి సిబ్బంది ఉంటారు. ఏం వండుకోవాలో, ఎప్పుడు బజారుకు వెళ్లాలో మాత్రం వాళ్లే అనుకుంటారు.