ఇంగ్లండ్ నక్కవేట: క్లాసులో నాకు తరచూ ఎదురయ్యే అపోహలు

బ్రిటన్ సామాజిక చరిత్ర పాఠం చెప్పడం నా పని. ఎర్రకోట్లు, గుర్రాలు, వేటకుక్కల మంద ఉన్న బొమ్మ చూపించగానే పిల్లలు అనే మాటలు ప్రతి ఏడూ దాదాపు అవే. లెస్టర్‌షైర్‌లోని క్వార్న్ హంట్ అనే వేట సంఘాన్ని ఉదాహరణగా తీసుకుని జవాబు చెబుతుంటాను.

అపోహ: ఇది అనాదిగా వస్తున్న రాచవేట.

వాస్తవం: రాజులు మోజుపడింది దుప్పి వేట మీద. నక్క వాళ్ల లెక్కలో కోళ్లను ఎత్తుకుపోయే పీడ, అంతే. 1566 నాటి చట్టం ప్రకారం నక్క తల తెచ్చినవాడికి చర్చి పెద్దలు 12 పెన్నీలు ఇచ్చేవారు. బొమ్మల్లో కనిపించే వేట 18వ శతాబ్దంలో తయారైంది. హ్యూగో మెనెల్ 1753 నుంచి 1800 వరకు క్వార్న్‌ను నడిపాడు. వాసన పట్టే శక్తితో పాటు వేగం కూడా ఉండేలా కుక్కలను ఎంచి ఈనించాడు. పాత పద్ధతిలో తెల్లవారుజామునే, రాత్రంతా తిని బరువెక్కిన నక్కను నిదానంగా తరిమేవారు. మెనెల్ పొద్దెక్కాక బయల్దేరేవాడు. అప్పటికి నక్కకు తిన్నది అరిగి, పరుగు జోరుగా ఉండేది. అదే కాలంలో ఉమ్మడి పొలాలు పోయి, చుట్టూ కంచెలున్న పచ్చికబీళ్లు వచ్చాయి. గుర్రాలతో కంచెలు దూకడం అలా మొదలైంది.

అపోహ: నక్కల బెడద తగ్గించడానికే వేటాడేవారు.

వాస్తవం: నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. నక్కలు అయిపోతే వేట కూడా అయిపోతుంది. అందుకే భూస్వాములు వాటి కోసం పనిగట్టుకుని ముళ్లపొదలు పెంచారు. నక్కను తుపాకీతో కాల్చినవాడిని ఆ వర్గం తలెత్తుకోనిచ్చేది కాదు. 19వ శతాబ్దంలో యూరప్ నుంచి తెచ్చిన నక్కలను లండన్ లెడెన్‌హాల్ మార్కెట్లో అమ్మేవారు! కోళ్లు పోగొట్టుకున్న రైతులకు హంట్‌లే నష్టపరిహారం ఇచ్చేవి. తన భూమిలోకి వేటగాళ్లు చొరబడ్డారని ఎసెక్స్ ప్రభువు వేసిన దావాలో, పీడను చంపడానికే వచ్చామన్న వాదన 1809లో నిలబడలేదు. అది వినోదమేనని తేలింది. ఒక జీవిని పెంచి, కాపాడి, తరిమి చంపడం గురించి చెబుతున్నప్పుడు నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

వేటగాళ్ల ఎర్రకోటును ‘పింక్’ అని పిలవడం ఆ పేరున్న దర్జీ వల్లే అంటారు. దానికి ఆధారం లేదు. కోటు రంగు కూడా అన్నిచోట్లా ఎరుపు కాదు, బోఫోర్ట్ హంట్ సిబ్బందిది ఆకుపచ్చ.

అపోహ: నిషేధంతో హంట్‌లు మూతపడ్డాయి.

వాస్తవం: కుక్కలతో నక్కలను వేటాడడాన్ని నిషేధించిన 2004 చట్టం ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 ఫిబ్రవరి 18 నుంచి అమల్లోకి వచ్చింది. చాలా హంట్‌లు ముందే నేల మీద వాసన పూసి, కుక్కలను దాని వెంట నడిపించే పద్ధతికి మారాయి. ఆ ముసుగులో అసలు వేట సాగుతోందన్న ఆరోపణలు మాత్రం ఆగలేదు.

అపోహ: వాళ్ల నక్క, మన నక్క ఒకటే.

వాస్తవం: వాళ్లది ఎర్రనక్క. దానికి దగ్గరి చుట్టం మన గుంటనక్క. మనం మామూలుగా నక్క అనేది జాకాల్‌ను. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో ఊటీ కొండల మీద తెల్లదొరలు నక్కవేట కుక్కలైన ఫాక్స్‌హౌండ్లతో తరిమింది ఈ జాకాల్‌నే.