కాకినాడ సంగీతం కాకినాడలోనే ఉందా?

ఒక నగరాన్ని దాని సంగీతం ద్వారా పరిచయం చేసే డాక్యుమెంటరీలు గత పాతికేళ్లలో ఒక ప్రత్యేకమైన కోవగా స్థిరపడ్డాయి. 1999లో విమ్ వెండర్స్ హవానా వృద్ధ సంగీతకారుల మీద తీసిన చిత్రం ప్రపంచమంతా ఆడిన తరువాత, ప్రతి పాత నగరమూ తనకంటూ అలాంటి చిత్రం ఉండాలని కోరుకోవడం మొదలైంది. 2004లో యునెస్కో ప్రారంభించిన సృజనాత్మక నగరాల జాబితాలో సంగీతానికి ఒక విభాగం ఏర్పడింది. మన దేశం నుంచి 2015లో వారణాసి, 2017లో చెన్నై, 2023లో గ్వాలియర్ ఆ విభాగంలో చేరాయి. గోదావరి డెల్టాలో కాకినాడకు, రాజమహేంద్రవరానికి కూడా అలాంటి చిత్రాలు రావాలన్న మాట సంగీతాభిమానుల నోట వినిపిస్తూనే ఉంటుంది. కోరిక సమంజసమైనదే. అయితే ఆ చిత్రం తీయడానికి కెమెరాను ఎక్కడ నిలబెట్టాలన్న ప్రశ్న దగ్గరే చిక్కు మొదలవుతుంది, ఎందుకంటే డెల్టాలో సంగీతం నగరంలో పుట్టి పల్లెకు వెళ్లలేదు.

నిజానికి నగరం పేరుతో ప్రసిద్ధమైన చిత్రాలు కూడా నగరంలో ఆగిపోలేదు. హవానా చిత్రంలో మనం చూసే ఇబ్రహీం ఫెర్రెర్, కంపాయ్ సెగుండో ఇద్దరూ క్యూబా తూర్పు కొసన ఉన్న శాంటియాగో ప్రాంతం వారు. సబా దెవాన్ 2009లో బనారస్ తవాయిఫుల (ఆటపాటలే వృత్తిగా ఉన్న స్త్రీల) గురించి తీసిన చిత్రం, గాయని రసూలన్ బాయి 1935లో గ్రామఫోనుకు ఒక ఠుమ్రీని వేరే మాటలతో పాడిందన్న ఆనవాలు పట్టుకుని బయలుదేరి, వారణాసి నుంచి లక్నోకూ, బిహారులోని ముజఫర్‌పూర్‌కూ వెళ్లవలసి వచ్చింది. పాటను వెంబడించినవారు ఎవరైనా ఊరి పొలిమేర దాటక తప్పలేదు. కాకినాడ విషయంలో ఈ అవసరం ఇంకా ఎక్కువ.

డెల్టా చరిత్రలో చాలా సంగతుల్లాగే ఇదీ ధవళేశ్వరం దగ్గరే మొదలవుతుంది. 1847లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు సాగాయి. అవి పొలాలకు నీళ్లిచ్చే కాలువలే కాదు, పడవలు నడిచే దారులు కూడా. ధాన్యం పడవల మీద కాకినాడ రేవుకు చేరింది. రేవు నుంచి డబ్బు వెనక్కి వచ్చింది. కాకినాడ నుంచి కాలువల మీదుగానే మద్రాసు వరకూ వెళ్లగలిగిన రోజులవి. ఆ మిగులు ధాన్యమే భూస్వాముల ఇళ్లలో పెళ్లిళ్లకు అయిదు రోజుల మేళాలను, గుళ్లలో కల్యాణోత్సవాలను, సంస్థానాల్లో ఆస్థాన విద్వాంసులను పోషించింది. సంగీత చరిత్ర రాసేవారు గురుశిష్య పరంపరలను చెప్పినంత శ్రద్ధగా వరి పంట సంగతి చెప్పరు. డెల్టా వరకు మాత్రం రెండూ కలిపి చెబితే తప్ప ఏదీ అర్థం కాదు.

ఈ పోషణకు పెద్ద కేంద్రం కాకినాడ కాదు, దానికి ఇరవై కిలోమీటర్ల లోపే ఉన్న పిఠాపురం. రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు బహద్దూరు కాలంలో నిఘంటు నిర్మాణానికీ, సాహిత్యానికీ ఆ సంస్థానం చేసిన సాయం అందరికీ తెలిసినదే. ఆ ఆస్థానంలోనే వైణికుడు తుమరాడ సంగమేశ్వర శాస్త్రి ఉండేవారు. ఆయన వీణ విన్న రవీంద్రనాథ ఠాకూరు శాంతినికేతనానికి ఆహ్వానించారు. డెల్టా వీణకు బెంగాలు దాకా శ్రోతలు ఉన్నారనడానికి ఇది చాలు. కాకినాడ రేవు ఊరుగా, కళాశాల ఊరుగా పెరుగుతూ ఉండగా, దాని శాస్త్రీయ సంగీతానికి వేరు మాత్రం ఆ సంస్థానంలోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉండేది.

నగరం తన సొంతంగా ఇచ్చింది ఒకటుంది: సభ. 1900లో గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన పూర్తయి మద్రాసు నుంచి హౌరాకు రైలు దారి కలిసిన తరువాత, సామర్లకోటలో దిగి కాకినాడ చేరడం దక్షిణాది విద్వాంసులకు సులువైంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలో వెలసిన సరస్వతీ గానసభ ఆ సౌకర్యాన్ని అందుకుంది. పెళ్లి పందిట్లో, గుడి ముంగిట్లో, జమీందారు హాల్లో ఒకరి ఖర్చుతో పదిమంది వినే పాటను, చందా కట్టిన సభ్యులంతా వినే కచేరీగా మార్చింది సభే. 1923 చివర్లో కాకినాడలోనే కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, అధ్యక్షుడు మౌలానా మహమ్మద్ అలీ అభ్యంతరం చెప్పినా విష్ణు దిగంబర్ పలుస్కర్ వందేమాతరాన్ని ఆపకుండా చివరి దాకా పాడారు. ఒక ఊరి సంగీత చరిత్రలో ఇంత నాటకీయమైన సంఘటన చిత్రం తీసేవారికి దొరకడం అరుదు.

సభ తెచ్చిన మార్పులో మరుగున పడిన సంగతి కూడా ఒకటుంది, అదే ఈ కథనానికి ముఖ్యం. సభ వేదిక ఎక్కినవారు ఎక్కువగా మగవారు. అంతకు ముందు డెల్టాలో సంగీతాన్ని వృత్తిగా మోసినవారిలో పెద్ద భాగం ఆడవారు. ద్రాక్షారామం, కోటిపల్లి, మండపేట, మురమండ వంటి ఊళ్లలో ఆటపాటలను కులవృత్తిగా మోసిన కలావంతుల కుటుంబాలు ఉండేవి. గుడి సేవలో వారి ఆటపాట ఒక ఎత్తు. పెళ్లిళ్లలో, పెద్దల ఇళ్లలో జరిగే మేజువాణి ఒక ఎత్తు. సలాం దరువుతోనో స్వరజతితోనో మొదలై, వర్ణం, క్షేత్రయ్య పదాలు, జావళీలు, అధ్యాత్మ రామాయణ కీర్తనలు, అమరుక శ్లోకాలు, ఇంకా రాత్రి మిగిలితే భామాకలాపమో గొల్లకలాపమో సాగేది. కూర్చుని పదం పట్టే పద్ధతి వారి ప్రత్యేకత. చాప మీద కూర్చున్న కళాకారిణి ఒక్క పల్లవి పాదాన్నే మళ్లీ మళ్లీ పాడుతూ, ప్రతిసారీ ముఖంతో, చేతులతో కొత్త అర్థం తీస్తుంది. నాయికకు కోపం వచ్చిందన్న మాటకు ఆ కోపం ఎన్ని రకాలుగా ఉండవచ్చో అన్నీ చూపిస్తుంది. పాడేదీ అభినయించేదీ ఒకే మనిషి కావడం వల్ల సంగీతమూ అభినయమూ విడివిడి విద్యలుగా ఉండేవి కావు.

ఈ సంప్రదాయం మీద తొలి దెబ్బ పడింది కూడా డెల్టాలోనే. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1874 నుంచి నడిపిన వివేకవర్ధనిలోనూ, ఇతర రచనల్లోనూ మేజువాణీలను, వేశ్యాలోలతను తీవ్రంగా ఎండగట్టారు. 1881లో తొలి వితంతు వివాహం జరిపించిన ఊరే భోగంమేళాల మీద పోరాటానికీ కేంద్రమైంది. ఆయన పోరాడిన అన్యాయం కల్పితం కాదు. ఆడపిల్లల భవిష్యత్తును పుట్టుకతోనే నిర్ణయించే వ్యవస్థ అది. కానీ ఆ పోరాటంలో మనిషికీ విద్యకూ తేడా చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది. 1929లో మద్రాసు శాసనం దేవదాసీల మాన్యాలను గుడి సేవ అనే షరతు నుంచి విడదీసింది. 1947 నాటి మద్రాసు దేవదాసీల చట్టం అంకితం చేయడాన్ని నిషేధించడమే కాక, గుడి ప్రాంగణంలోనూ దేవుడి ఊరేగింపులోనూ స్త్రీ నాట్యం చేయడాన్ని కూడా చట్టవిరుద్ధం చేసింది. మరుసటి ఏడాది ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీందారీలు పోయాయి. ఆ విధంగా రెండేళ్ల వ్యవధిలో గుడి మూసుకుంది, దివాణం మూసుకుంది. మిగిలిన సభలో వీరికి చోటు లేదు.

విద్వాంసులకు మాత్రం వేరే తలుపు తెరుచుకుంది. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. డెల్టా నుంచి బయటికి వెళ్లిన సంగీతకారుల పేర్లు వరుసగా చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. 1930లో శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యుడై, చివరకు మద్రాసులో స్థిరపడ్డారు. ద్రాక్షారామంలో 1922లో పుట్టిన ఈమని శంకరశాస్త్రి మద్రాసు జెమినీ స్టూడియోకు, అక్కడి నుంచి ఆకాశవాణికి వెళ్లారు. కాకినాడలో 1936లో పుట్టిన చిట్టిబాబు ఈమనికి శిష్యుడై మద్రాసులోనే పేరు తెచ్చుకున్నారు. పిఠాపురం తాలూకా కొత్తపల్లిలో పుట్టిన నేదునూరి కృష్ణమూర్తి కోస్తా సంగీత కళాశాలల్లో పాఠం చెప్పారు. కాకినాడలో మునుగంటి వెంకట్రావు పంతులు దగ్గర నేర్చుకున్న ఓలేటి వెంకటేశ్వర్లు విజయవాడ రేడియోకు దశాబ్దాల పాటు గొంతునిచ్చారు. కాకినాడకు కెమెరాతో వచ్చినవారికి వీరి జన్మస్థలాలు దొరుకుతాయి. వీరి జీవితం, వీరి టేపులు, ఉత్తరాలు, శిష్యులు మాత్రం వేరే ఊళ్లలో ఉంటాయి.

ఈ వలస జరుగుతున్న కాలంలో డాక్యుమెంటరీ ఏం చేస్తున్నదో కూడా చూడాలి. 1948లోనే బొంబాయిలో ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడింది. ప్రతి సినిమా హాలూ ఆట మొదట్లో దాని న్యూస్ రీలు వేయాలన్న నిబంధన ఉండేది కనుక, డెల్టా టూరింగ్ టాకీసుల్లో ప్రేక్షకులు డాక్యుమెంటరీని చూసింది అలాగే, అసలు సినిమా ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూస్తూ. ఫిల్మ్స్ డివిజన్ కళాకారుల మీద మంచి చిత్రాలు తీసింది. అయితే వాటి పద్ధతి ఎక్కువగా ఒక విద్వాంసుడు, ఒక జీవితచరిత్ర, పైన ఒక వ్యాఖ్యాన కంఠం. అవార్డు అందుకున్నవారు ఆ చట్రంలో ఇమిడారు. అవార్డుల జాబితాలో లేని ఊరు, మేళం, కాలువ ఇమడలేదు.

డాక్యుమెంటరీ ఖాళీగా వదిలిన చోటును కథాచిత్రం నింపింది. 1980లో వచ్చిన శంకరాభరణం చాలావరకు గోదావరి తీర ప్రాంతాల్లోనే చిత్రీకరణ జరుపుకుంది. గోదావరి సంగీతం అనగానే తెలుగువారి కళ్లకు కట్టేది నేటికీ ఆ దృశ్యాలే: ఏటి గట్టు, తంబురా, నిప్పులాంటి నిష్ఠ గల శాస్త్రి. ఆ కథలో కలావంతుల ఇంటి పిల్ల కూడా ఉంది, కానీ శాస్త్రి పాటకు భక్తురాలిగానే ఉంది. చరిత్రలో పాట చాలాసార్లు అటువైపు నుంచి ఇటు వచ్చిందన్న సంగతికి అందులో చోటు లేదు. సినిమాను తప్పుపట్టడం కాదు. కథ తన పని తాను చేసింది. కాని ఇప్పుడు డాక్యుమెంటరీ తీసేవారు తెలియకుండానే ఆ ఫ్రేములనే మళ్లీ పెట్టే ప్రమాదం ఉంది.

కలావంతుల విద్య పూర్తిగా పోలేదు. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఈ కుటుంబాల పెద్దలను వెతికి హైదరాబాదు వేదికలకు తీసుకువెళ్లి, ఆంధ్రనాట్యం పేరుతో కొత్త తరానికి నేర్పించారు. ఆ తరువాత నర్తకి స్వప్నసుందరి కలావంతుల కళాకారిణి మద్దుల లక్ష్మీనారాయణమ్మ దగ్గర నేర్చుకుని, విలాసినీ నాట్యం పేరుతో ప్రదర్శించారు. వేదిక మీదికి వచ్చింది ఎక్కువగా నాట్యమే. చాప మీద కూర్చుని పాడే పదం వేదికకు లొంగలేదు, ఎందుకంటే దానికి దగ్గరగా కూర్చున్న పదిమంది కావాలి. నా లెక్కలో కెమెరా నిజంగా అక్కరకు వచ్చేది ఇక్కడే. ముఖమూ రెండు చేతులూ ఒకే ఫ్రేములో ఉండేలా పెట్టి, పల్లవి పూర్తయ్యేదాకా కట్ చేయకుండా ఉంచగలిగితే, ఆ పది మందిలో కూర్చున్న అనుభవం ప్రేక్షకుడికి దక్కుతుంది. మధ్యలో మృదంగం మీదికో తాళం చేతి మీదికో కట్ చేస్తే సంచారీ, అంటే ఒకే మాట మీద అల్లుతూ పోయే అభినయం, తెగిపోతుంది, మిగిలేది అందమైన ముఖాల ముక్కలు.

అయితే తలుపు తట్టడం అంత తేలిక కాదు. ఆ కుటుంబాల పిల్లలు చదువుకుని ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో స్థిరపడ్డారు. అమ్మమ్మ పాడిన పదం ఇంట్లో ఎవరికైనా వచ్చినా, తెర మీద ఇంటిపేరు కనబడితే రేపు పెళ్లి సంబంధం దగ్గర ఏం మాట పడాల్సి వస్తుందోనన్న భయం సహజం. వారసత్వం అన్న మాట వినడానికి గౌరవంగానే ఉంటుంది. ఆ గౌరవానికి మూల్యం ఎవరు చెల్లిస్తారన్నది చిత్రం తీసేవారు ముందే తేల్చుకోవాలి. గొంతు మాత్రమే ఇచ్చి ముఖం ఇవ్వనంటే ఒప్పుకోవడం, కూర్పు పూర్తయిన తరువాత కూడా వద్దనే హక్కు వారికి ఉంచడం కనీస మర్యాద.

ఇక దారి సంగతి. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి సుమారు 45 కిలోమీటర్ల రైలు మార్గం ఉంది. 1928లో వేసిన ఆ పట్టాలను రెండో ప్రపంచ యుద్ధ అవసరాల కోసం 1940లో పీకేశారు. 2004లో మళ్లీ వేశారు. సభ ఉన్న ఊరి నుంచి ఈమని పుట్టిన ఊరి మీదుగా, పదం పట్టిన ఊరి వరకూ వెళ్లే దారి అది. గోదావరి పాయ దాటి కోనసీమలో అడుగుపెడితే, కనుమ నాడు జగ్గన్నతోటకు పదకొండు ప్రభలను (దేవుడి పేరున అలంకరించిన ఎత్తయిన చట్రాలను) మోసుకొచ్చేవారి ముందు మోగే వాద్యాలు వినిపిస్తాయి. చందా సభలోనూ, మేజువాణిలోనూ, ఆకాశవాణిలోనూ ఆ వాద్యకారులకు పీట వేయలేదు. కాకినాడ పేరుతో తీసే చిత్రంలోనైనా వేస్తే బాగుంటుంది.

పాత శబ్దం విషయంలో చట్టం కొంత వెసులుబాటు ఇస్తోంది. మన కాపీరైటు చట్టం ప్రకారం విడుదలైన ధ్వనిముద్రణకు 60 ఏళ్ల రక్షణ ఉంటుంది కనుక, 78 ఆర్పీఎం కాలంనాటి గ్రామఫోన్ రికార్డుల్లో చాలావాటి ధ్వనిముద్రణ హక్కు ఇప్పటికే ముగిసింది. పాటకూ బాణీకీ ఉండే హక్కులు వేరు, వాటిని విడిగా చూసుకోవాలి. ఎప్పుడూ విడుదల కాని రేడియో టేపులకు ఈ లెక్క వర్తించదు. వాటికి ఆకాశవాణి అనుమతి కావాలి. రికార్డులకు హక్కుల చిక్కు లేకపోయినా అవి ముందు దొరకాలి. లక్క కలిపి చేసిన ఆ ప్లేట్లకు సముద్రపు తేమ, అటక మీది వేడి రెండూ పడవు. కాబట్టి షూటింగు తేదీలు కుదిరేలోపే వాటిని వెతికి, శుభ్రం చేసి, డిజిటల్‌లోకి ఎక్కించే పని మొదలు కావాలి.