ఐఎస్ఓ వదిలేస్తే వ్యాపారం పడిపోతుందా? అసలు ముడి 2003లో ఉంది

ఐఎస్ఓ 9001కి (నాణ్యత పద్ధతులకు అంతర్జాతీయ ప్రమాణం, ఆడిట్ చేసి పాటిస్తున్నారని సర్టిఫికెట్ ఇస్తారు) కొత్త వెర్షన్ వస్తోందనగానే చిన్న ఫ్యాక్టరీల వాళ్ళ మధ్య మళ్ళీ పాత గొడవే, డబ్బులు పోసి రెన్యూ చేయించాలా, వదిలేస్తే ఆర్డర్లు పోతాయా అని. ఈ ప్రమాణం 1987లో మొదలైంది, ఆ కథ వదిలేద్దాం. నన్నడిగితే చూడాల్సిన తేదీ 2003 డిసెంబర్ 15.

అంతకుముందు డిజైన్ పని లేని యూనిట్లు 9002 అనే వేరే సర్టిఫికెట్‌తో సరిపెట్టుకునేవి. 2000 వెర్షన్‌లో 9001, 9002, 9003 కలిపి ఒక్కటే చేసేశారు, మూడేళ్ళు టైమిచ్చి ఆ డిసెంబర్ దాటితే పాత సర్టిఫికెట్ చెల్లదన్నారు. అసలిది ఎవరి కోసం తీసుకున్నాం అని ఓనర్లు కూర్చుని లెక్కేసుకోవాల్సొచ్చింది అప్పుడే. బయ్యర్ అడిగాడని తీసుకున్న చోట్ల ఎలా ఉండేదంటే, రేపు ఆడిట్ అనగా రాత్రి స్టోర్స్ కుర్రాడు మూడు నెలల కాలిబ్రేషన్ రిజిస్టర్ (కొలిచే పరికరాలు సరిగ్గా ఉన్నాయని చెక్ చేసినట్టు రాసే పుస్తకం) ఒకే పెన్నుతో నింపేసి, వెర్నియర్లనే కొలత పరికరాల మీద కొత్త స్టిక్కర్లు అంటించేసి పడుకునేవాడు. అలాంటి చోట కాగితం పోతే షాపులో మారేదేముంది, రిజెక్షన్, అంటే పనికిరాదని పక్కన పడేసే సరుకు, నిన్న ఎంతో ఇవాళా అంతే.

పోర్చుగల్‌లో అల్గార్వ్ యూనివర్సిటీ వాళ్ళు 2016లో తేల్చింది కూడా దాదాపు ఇదే, సర్టిఫికెట్ పోయిన కంపెనీల ఆర్థిక ఫలితాలు దానివల్ల చెప్పుకోదగ్గంత దెబ్బతినలేదు. నిజంగా పద్ధతి ఒంటబట్టించుకున్న వాళ్ళైతే సర్టిఫికెట్ లేకపోయినా అలాగే పని చేసుకుపోతారు కదా.

కన్సల్టెంట్లు ఒప్పుకోరు. సర్టిఫికెట్ తీసుకున్న అమెరికన్ కంపెనీల లాభాలు మెరుగయ్యాయని 2005 నాటి స్టడీ చూపిస్తారు, కాదనను, కానీ ఇక్కడ అడుగుతున్నది వదిలేసినవాళ్ళ సంగతి. టెండర్ల మాట మాత్రం నిజం, సర్టిఫికెట్ తప్పనిసరి అని రాసుంటే అది లేనివాడు బయటే.

ఇంకోటి, 2017లో ప్రపంచమంతా 10.58 లక్షలున్న సర్టిఫికెట్లు 2018కి 8.78 లక్షలకు పడ్డాయని, చూశారా జనం పారిపోతున్నారని ఫార్వర్డ్ చేస్తుంటారు, అది నమ్మకండి, ఆ ఏడాది లెక్కపెట్టే పద్ధతే మారింది. వదిలేసే వాళ్ళ పక్షాన మాట్లాడేవాణ్ణే అయినా ఆ అంకె నేను వాడను.

2015 వెర్షన్ వచ్చాక క్వాలిటీ మాన్యువల్ (కంపెనీ నాణ్యత పద్ధతులు రాసిన పుస్తకం) తప్పనిసరి కాదు, ఎంఆర్ (మేనేజ్‌మెంట్ రిప్రజెంటేటివ్, ఈ పద్ధతి చూసుకునే బాధ్యుడు) అని ఒకర్ని పెట్టి తీరాలన్న రూలూ పోయింది. అయినా ఎన్ని యూనిట్ల బీరువాల్లో ఆ లావుపాటి మాన్యువల్ ఇంకా అలాగే ఉందో, సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళు ఏడాదికోసారి చేసే సర్వైలెన్స్ ఆడిట్ ఉందంటే కిందకి దించి దుమ్ము దులుపుతారు.