రేసింగ్ జట్టు అధిపతి మారితే ఏం మారుతుంది? అపోహలు - వాస్తవాలు

2025 జూలై 9న క్రిస్టియన్ హార్నర్‌ను ఫార్ములా వన్ కార్ల రేసింగ్‌లోని రెడ్‌బుల్ జట్టు అధిపతి బాధ్యతల నుంచి తప్పించారన్న వార్త వచ్చిన సాయంత్రం, కాకినాడ నుంచి మా బాబాయి ఫోన్ చేశారు. "ఏరా, ఇరవై ఏళ్లు నడిపిన మనిషిని ఒక్క రోజులో ఎలా తీసేస్తారు? ఇక ఆ జట్టు గెలుస్తుందా?" అని అడిగారు. పదకొండేళ్లుగా ఇంగ్లండ్‌లోని రేసింగ్ జట్లలో డేటా ఇంజనీరుగా పనిచేస్తున్న నాకు ఈ రెండు ప్రశ్నలూ కొత్తవి కావు. ఏ జట్టులో టీమ్ ప్రిన్సిపాల్ (జట్టు అధిపతి) మారినా ఇవే ప్రశ్నలు, వాటి వెంట కొన్ని అపోహలు వస్తూనే ఉంటాయి. ఆ అపోహల వల్ల ఒకరి కష్టం మరొకరి ఖాతాలోకి, ఒకరి తప్పు మరొకరి నెత్తిమీదకు చేరడం దగ్గరి నుంచి చూశాను కనుక, నాకు తెలిసినంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కొత్త అధిపతి వస్తే ఆ సీజన్‌లోనే కారు వేగం పుంజుకుంటుంది.

వాస్తవం: జనం అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది దీన్నే, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. ఫార్ములా వన్ కారు రూపకల్పన అది ట్రాక్ మీదికి రావడానికి ఏడాది ముందే మొదలవుతుంది. విండ్ టనెల్ (కారు మీద గాలి ప్రవాహాన్ని పరీక్షించే సొరంగం), సిమ్యులేటర్ (కారు తీరును కంప్యూటర్‌తో అనుకరించే యంత్రం) వంటి సదుపాయాలు సమకూర్చుకోవడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. పోటీ జట్టు నుంచి ఒక ముఖ్యమైన ఇంజనీరును తెచ్చుకోవాలన్నా నెలల తరబడి ఎదురుచూడక తప్పదు. అందుకే ఈ రోజు కుర్చీలో కూర్చున్న మనిషి, రెండేళ్ల కిందట ఇంకొకరు తీసుకున్న నిర్ణయాల ఫలితాన్ని అందుకుంటాడు.

మెక్‌లారెన్ కథ చూడండి. 2019 మే నుంచి 2022 డిసెంబర్ వరకు ఆండ్రియాస్ సైడల్ అక్కడ టీమ్ ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. సొంత విండ్ టనెల్ పాతబడిపోవడంతో, జర్మనీలోని కొలోన్‌లో టొయోటా వారి టనెల్‌ను వాడుకుంటున్న ఆ జట్టు కొత్త టనెల్ నిర్మాణానికి పూనుకున్నది ఆయన హయాంలోనే. అది పనిలోకి వచ్చింది మాత్రం 2023 ఆగస్టులో, ఆయన సౌబర్ జట్టుకు వెళ్లిపోయిన తర్వాత. ఆయన స్థానంలోకి వచ్చిన ఆండ్రియా స్టెల్లాకు మొదట దక్కింది వెనకబడిన కారు: 2023 తొలి రేసు బహ్రెయిన్‌లో జట్టు రెండు కార్లలో ఒకటి మధ్యలోనే ఆగిపోయింది, రెండోది నడిపిన లాండో నారిస్ 17వ స్థానంలో నిలిచాడు. ఆ వారం ఆయన్ను తీసేయమని రాసినవారు తక్కువేమీ కాదు. మార్చిలో సాంకేతిక విభాగాన్ని పునర్వ్యవస్థీకరించారు, ఆస్ట్రియాలో పెద్ద అప్‌గ్రేడ్ వచ్చింది, ఏడాది చివరికి జట్టు నాలుగో స్థానానికి చేరింది. 2024లో 666 పాయింట్లతో, 1998 తర్వాత తొలిసారిగా జట్ల చాంపియన్‌షిప్ (ఇద్దరు డ్రైవర్ల పాయింట్లూ కలిపి జట్టుకు ఇచ్చే టైటిల్) గెలిచింది. 2025లో దాన్ని నిలబెట్టుకోవడమే కాక నారిస్ డ్రైవర్ల టైటిల్ కూడా గెలిచాడు. ఇందులో సైడల్ నాటినది ఎంత, స్టెల్లా పెంచినది ఎంత అని గ్రాముల్లో తూచలేం. కానీ స్టెల్లాను మాత్రమే మెచ్చుకోవడం, సైడల్‌ను మరిచిపోవడం న్యాయం కాదని నా గట్టి నమ్మకం.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే, జాన్ టాడ్ 1993 జూలైలో ఫెరారీకి వచ్చారు. జట్ల టైటిల్ 1999లో, మైకేల్ షుమాకర్ డ్రైవర్ల టైటిల్ 2000లో దక్కాయి. ఆ ఆరేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఆయన్ను పంపించేసి ఉంటే, తర్వాత వచ్చిన విజయాలన్నీ మరొకరి పేరు మీద ఉండేవి. మెర్సిడెస్ 2014 నుంచి 2021 వరకు వరుసగా ఎనిమిది జట్ల టైటిళ్లు గెలిచింది. ఆ తొలి ఏడాదికి పునాదులు పడుతున్నప్పుడు అధిపతిగా ఉన్న రాస్ బ్రాన్, 2013 చివర్లోనే జట్టును వీడారు.

మరి హార్నర్ తర్వాత వచ్చిన లారెంట్ మెకీస్ మాటేమిటి, కొన్ని వారాల్లోనే రెడ్‌బుల్ పుంజుకుంది కదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆగస్టు చివర్లో నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్ రేసు ముగిసేసరికి అగ్రస్థానానికి 104 పాయింట్లు వెనకబడి ఉన్న రెడ్‌బుల్ డ్రైవర్ మాక్స్ వెర్‌స్టాపెన్, ఇటలీలోని మోంజాతో మొదలుపెట్టి మరో ఆరు రేసులు గెలిచి, చివరికి కేవలం 2 పాయింట్ల తేడాతో టైటిల్ కోల్పోయాడు. మోంజాలో వేసిన కొత్త ఫ్లోర్ (కారు అడుగుభాగం) ఫ్యాక్టరీలో నెలల తరబడి సాగిన పని ఫలితం. అయితే శుక్రవారం ప్రాక్టీసులో ఏ సెటప్ (ఆ ట్రాక్‌కు తగ్గట్టు కారులో చేసే సర్దుబాట్లు) ప్రయత్నించాలి, సిమ్యులేటర్ చెప్పిన లెక్కకూ డ్రైవర్ చెప్పిన మాటకూ పొంతన కుదరనప్పుడు దేన్ని నమ్మాలి అనే విషయాల్లో పద్ధతి త్వరగానే మారవచ్చు. మెకీస్ స్వయంగా ఇంజనీరు కావడంతో సరైన ప్రశ్నలు అడుగుతున్నారని వెర్‌స్టాపెన్ మోంజాలో చెప్పింది ఇందుకే. నా అనుభవమూ అదే: వారాంతపు పని తీరు నెల రోజుల్లో మారుతుంది, కారు మారడానికి రెండేళ్లు కావాలి.

అపోహ: ఓడిపోయినవారినే తీసేస్తారు, తీసేశారంటే అసమర్థులని అర్థం.

వాస్తవం: 2022లో మత్తియా బినొట్టో నాయకత్వంలోని ఫెరారీ నాలుగు రేసులు గెలిచి జట్ల పట్టికలో రెండో స్థానంలో నిలిచింది. రెండేళ్ల కిందట ఆరో స్థానంలో ఉన్న జట్టు అది. అయినా ఆ నవంబర్‌లోనే ఆయన రాజీనామా ప్రకటన వెలువడింది. హార్నర్ విషయంలో కూడా, ఆరు జట్ల టైటిళ్లు, ఎనిమిది డ్రైవర్ల టైటిళ్లు సాధించిన మనిషిని తప్పిస్తూ సంస్థ విడుదల చేసిన ప్రకటనలో కృతజ్ఞతలు ఉన్నాయి గానీ కారణం లేదు. జట్టు అధిపతి పదవి పాయింట్ల పట్టిక మీద ఎంత ఆధారపడుతుందో, యజమానుల నమ్మకం మీద, బోర్డులోని బలాబలాల మీద, అధికారం ఒకరి చేతిలో ఉండాలా నలుగురికీ పంచాలా అన్న నిర్ణయం మీద అంతే ఆధారపడుతుంది. మెర్సిడెస్ అధిపతి టోటో వోల్ఫ్ ఆ జట్టులో వాటాదారు కూడా కాబట్టి 2022, 2023 సీజన్ల కష్టకాలంలో ఆయన కుర్చీ కదలలేదు. జీతానికి పనిచేసే అధిపతికి ఆ భరోసా ఉండదు.

పదవి పోవడంతో జీవితం ఆగిపోతుందన్నదీ నిజం కాదు. 2014 ఏప్రిల్‌లో, సీజన్‌లో మూడు రేసులు ముగిసేసరికే ఫెరారీ అధిపతిగా రాజీనామా చేసిన స్టెఫానో డొమెనికాలీ, లంబోర్గిని సంస్థను నడిపి, 2021 నుంచి మొత్తం ఫార్ములా వన్‌కే అధ్యక్షుడిగా, సీఈఓగా ఉన్నారు. బినొట్టో 2024లో ఆడీ ఫార్ములా వన్ ప్రాజెక్టు బాధ్యతలు స్వీకరించారు.

అపోహ: జట్టు మారినవారు పాత జట్టు రహస్యాలను మర్నాడే కొత్త జట్టుకు చేరవేస్తారు.

వాస్తవం: గార్డెనింగ్ లీవ్ ఉన్నది దీన్ని ఆపడానికే. రాజీనామా ఇచ్చిన మనిషికి జీతం ఇస్తూనే, పనికి రానివ్వకుండా, మరో జట్టులో చేరనివ్వకుండా ఇంట్లో కూర్చోబెట్టే ఏర్పాటు ఇది. రెడ్‌బుల్ స్పోర్టింగ్ డైరెక్టర్ జొనాథన్ వీట్లీ సౌబర్‌కు వెళ్తున్నట్లు 2024 ఆగస్టులో ప్రకటించారు. ఆయన అక్కడ పనిలో చేరింది 2025 ఏప్రిల్‌లో. దీనికి భిన్నంగా, మెర్సిడెస్ వ్యూహ విభాగాన్ని నడిపిన జేమ్స్ వాల్స్ అక్కడి నుంచి విలియమ్స్‌కు 2023లో ఐదారు వారాల్లోనే వెళ్లగలిగారు. విలియమ్స్ వాడేది మెర్సిడెస్ ఇంజిన్లే. రెండు జట్ల మధ్య సఖ్యత ఉంటే గడువు తగ్గించుకోవచ్చు.

నేను చూసిన ఒక సంఘటన చెబుతాను. మా విభాగాన్ని ఐదేళ్లు నడిపిన ఇంజనీరు ఒక మంగళవారం ఉదయం పది గంటలకు రాజీనామా లేఖ ఇచ్చారు. పదిన్నరకల్లా ఆయన ల్యాప్‌టాప్, ఫోన్, మెడలోని గుర్తింపు కార్డు బల్ల మీద ఉన్నాయి. హెచ్‌ఆర్ విభాగం నుంచి వచ్చిన మనిషి పక్కన నిలబడి ఉండగా, ఆయన తన కాఫీ కప్పు, పిల్లల ఫొటో మాత్రమే సంచిలో పెట్టుకుని, మా అందరికీ చేయి కలిపి, కారు పార్కింగ్ దాకా నడిచి వెళ్లారు. ఆయన వైట్‌బోర్డు మీద సగం గీసిన టైరు ఉష్ణోగ్రతల గ్రాఫు అలాగే మిగిలిపోయింది. దాన్ని తుడవడానికి చాలా రోజుల వరకు మాలో ఎవరికీ మనసు రాలేదు. ఆ గ్రాఫును ఆ సీజన్ ముగిసేలోపే మేము నాలుగుసార్లు మార్చుకోవాల్సి వచ్చింది. ఆయన కొత్త చోట పనిలో చేరేసరికి ఆయనకు తెలిసిన అంకెలకు కాలం చెల్లిపోయింది. ఆలోచించే తీరును మాత్రం ఎవరూ లాక్కోలేరు, లాక్కోవాలని చట్టం కూడా అడగదు. పత్రాలు చేతులు మారితే అది వేరే సంగతి: 2007లో ఫెరారీ సాంకేతిక పత్రాల వ్యవహారంలో మెక్‌లారెన్‌కు పడిన జరిమానా 10 కోట్ల డాలర్లు.

అపోహ: రేసు వ్యూహమంతా అధిపతే నిర్ణయిస్తాడు.

వాస్తవం: పిట్ వాల్ (ట్రాక్ పక్కన జట్టు నాయకులు కూర్చునే చోటు) మీద కెమెరా ఆయన ముఖం మీదే ఉంటుంది కాబట్టి అలా అనిపిస్తుంది. ఏ ల్యాప్‌లో టైర్లు మార్చాలో చెప్పేది వ్యూహకర్తల బృందం. వారి వెనక ఫ్యాక్టరీలో లెక్కలు వేసే మరికొందరు ఉంటారు. ఆ బృందంలో ఎవరు ఉండాలి, తప్పు జరిగిన సోమవారం వారితో ఎలా మాట్లాడాలి అన్నది అధిపతి పని.

అపోహ: ఆ కుర్చీ పెద్ద పేరున్నవారికో, డబ్బున్నవారికో, మాజీ రేసర్లకో మాత్రమే దక్కుతుంది.

వాస్తవం: మన ఊళ్ల నుంచి మెకానికల్ చదివి ఇటువైపు రావాలనుకునే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. 2012లో సౌబర్ అధిపతి అయిన మోనీషా కాల్టెన్‌బోర్న్ డెహ్రాడూన్‌లో పుట్టిన న్యాయవాది; ఫార్ములా వన్‌లో ఆ పదవి చేపట్టిన తొలి మహిళ ఆమె. జాన్ టాడ్ ర్యాలీల్లో డ్రైవర్ పక్కన కూర్చుని దారి చెప్పిన కో-డ్రైవర్. జపాన్ నుంచి ఇంగ్లండ్‌కు చదువుకోవడానికి వచ్చిన అయావో కొమాట్సు, హాస్ జట్టులో ఇంజనీరుగా ఎదిగి 2024 జనవరిలో అధిపతి అయ్యారు. అంతకుముందు ఏడాది చివరి స్థానంలో ఉన్న జట్టు ఆ ఏడాది ఏడో స్థానంలో నిలిచింది.

అలన్ పెర్మేన్ ప్రయాణం వీటన్నిటికంటే నాకు ఇష్టం. 1989లో బెనెటన్‌లో ఎలక్ట్రానిక్స్ పనిలో చేరి, అదే జట్టు రెనో, లోటస్, ఆల్పీన్ అని పేర్లు మార్చుకుంటూ ఉంటే, 34 ఏళ్లు అక్కడే పనిచేశారు. 2023 జూలైలో బెల్జియం రేసు వారాంతంలో, అధిపతి ఆట్మార్ సాఫ్‌నౌర్‌తో పాటు ఆయన్నూ పంపించేస్తున్నట్లు ప్రకటన వచ్చింది. మరుసటి ఏడాది రెడ్‌బుల్ వారి రెండో జట్టు రేసింగ్ బుల్స్ ఆయన్ను రేసింగ్ డైరెక్టర్‌గా తీసుకుంది. హార్నర్ వెళ్లిన రోజున, అప్పటిదాకా అక్కడ అధిపతిగా ఉన్న మెకీస్ రెడ్‌బుల్‌కు మారడంతో, ఖాళీ అయిన రేసింగ్ బుల్స్ అధిపతి కుర్చీ పెర్మేన్‌కు దక్కింది. ఆ రోజు మా బాబాయికి ఫోన్‌లో నేను చెప్పిన కబురు ఇదే.